విదేశాల్లో సైనిక చర్యలకు ప్రభుత్వాలు డబ్బు ఎలా కేటాయిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలకు అమెరికా ఎంత ఖర్చు పెట్టిందన్న ప్రశ్నకు ఒక చోట 1.6 లక్షల కోట్ల డాలర్లన్న జవాబు, మరో చోట 8 లక్షల కోట్ల డాలర్లన్న జవాబు కనిపిస్తాయి. అలాంటి అంకెలు చూసిన పాఠకులు పదేపదే అడుగుతున్న సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. లెక్కలు, చట్టసభ చర్చలు ఎక్కువగా బహిరంగంగా దొరికే దేశం కనుక 2001 నుంచి 2021 వరకు అమెరికా అనుభవానికి ఎక్కువ చోటిచ్చాను. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, భారత్ పద్ధతులు చివర్లో ఉన్నాయి. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## సైన్యం బయలుదేరక ముందు

రక్షణ శాఖకు ఏటా అంత పెద్ద బడ్జెట్ ఉంటుంది కదా, యుద్ధానికి మళ్లీ వేరే డబ్బు ఎందుకు?

ఏటా ఇచ్చే మూల బడ్జెట్ సైన్యాన్ని సిద్ధంగా ఉంచడానికే. జీతాలు, శిక్షణ, స్థావరాల నిర్వహణ, ఆయుధాల కొనుగోలు, పరిశోధన అందులో ఉంటాయి. ఆ సైన్యాన్ని వేల మైళ్ల దూరం తీసుకెళ్లి, అక్కడ నెలల తరబడి పోరాడించడానికి అయ్యే ఖర్చు అందులో ఉండదు. పైగా అమెరికాలో అక్టోబరు 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ తయారీ అంతకు ఏడాదిన్నర ముందే మొదలవుతుంది. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగేనాటికి తర్వాతి సంవత్సరపు బడ్జెట్ అప్పటికే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ పరిశీలనలో ఉంది. అందులో అఫ్గానిస్థాన్ యుద్ధానికి పద్దు ఉండే అవకాశమే లేదు. మూడు రోజుల తర్వాత, సెప్టెంబరు 14న, కాంగ్రెస్ 4,000 కోట్ల డాలర్ల అత్యవసర నిధులను ఆమోదించింది. అధ్యక్షుడు 18న సంతకం చేశారు. తర్వాతి ఇరవై ఏళ్ల యుద్ధ వ్యయానికి అదే మొదటి పద్దు.

యుద్ధ ఖర్చు అంటే సరిగ్గా ఏది? సైనికుడి జీతం అందులోకి వస్తుందా?

సాధారణంగా రాదు. చాలా దేశాలు పాటించే సూత్రం ఒక్కటే: ఆ సైనిక చర్య జరగకపోతే అయ్యేది కాని ఖర్చు మాత్రమే యుద్ధ ఖర్చు. దీన్ని అదనపు వ్యయమని అంటారు.

ఒక సార్జెంటు జీతం చీటీని ఊహించుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. అతని మూల వేతనం అతను స్వదేశంలో ఉన్నా, కాందహార్‌లో ఉన్నా అంతే కనుక అది మూల బడ్జెట్‌లోనే ఉంటుంది. ప్రమాదకర ప్రాంతంలో ఉన్నందుకు నెలకు ఇచ్చే 225 డాలర్లు, కుటుంబానికి దూరంగా ఉన్నందుకు ఆ యుద్ధకాలంలో నెలకు ఇచ్చిన 250 డాలర్లు యుద్ధ పద్దులోకి వెళ్తాయి. అతని పక్క మంచంలో ఉన్నది నేషనల్ గార్డు (పార్ట్‌టైం సైనికుల దళం) నుంచి పిలిపించిన వ్యక్తి అయితే, మామూలు రోజుల్లో అతనికి పూర్తికాల జీతం ఉండదు కనుక పిలిపించిన కాలానికి జీతమంతా యుద్ధ ఖర్చే. ఇద్దరికీ యుద్ధ ప్రాంతంలో సంపాదించిన వేతనంపై ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. ఆ మేరకు ఖజానాకు తగ్గిన రాబడి మాత్రం ఏ ఖర్చు పద్దులోనూ కనిపించదు. రద్దయిన శిక్షణ వల్ల మిగిలిన సొమ్మును అదనపు వ్యయం నుంచి తీసివేయాలన్న నియమం కూడా ఉంది. ఎంత మిగిలిందో తేల్చడంలో మాత్రం వివాదాలకు లోటు లేదు.

ముందుగా అంచనా ఎలా వేస్తారు?

ఎంతమంది వెళ్తారు, ఎన్ని నెలలు ఉంటారు, పోరు ఎంత తీవ్రంగా ఉంటుంది, అక్కడ ముందే ఓడరేవులు, రోడ్లు, విమానాశ్రయాలు ఉన్నాయా అన్నవి ప్రధాన ప్రశ్నలు. పాత సైనిక చర్యల లెక్కల ఆధారంగా తయారైన నమూనాల్లో ఈ జవాబులు పెట్టి, ఒక్కో విభాగానికి ఖర్చు రాబడతారు.

వీటిలో దూరం చేసే తేడా బయటివారికి అంతగా తెలియదు. అఫ్గానిస్థాన్‌కు సముద్రతీరం లేదు. సరుకు కరాచీ రేవులో దిగి, పాకిస్థాన్ అంతా లారీల్లో ప్రయాణించి, టోర్ఖమ్ లేదా చమన్ దగ్గర సరిహద్దు దాటి, పెద్ద స్థావరానికి చేరి, అక్కడి నుంచి సాయుధ కాపలాతోనో హెలికాప్టర్లోనో కొండల మీది శిబిరానికి చేరేది. ఈ ప్రయాణమంతా కలుపుకుంటే మారుమూల శిబిరంలో ఒక గ్యాలన్ ఇంధనం ఖరీదు 400 డాలర్ల వరకు పడుతోందని 2009లో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) అధికారులు కాంగ్రెస్‌కు చెప్పారు. 2011 నవంబరు నుంచి 2012 జులై వరకు పాకిస్థాన్ ఆ దారులను మూసివేసినప్పుడు మధ్య ఆసియా మీదుగా తిప్పి తెచ్చినందుకు నెలకు సుమారు 10 కోట్ల డాలర్లు అదనంగా పడిందని అప్పటి రక్షణ మంత్రి లియోన్ పనెట్టా వెల్లడించారు. ఇలాంటి దారి మూసివేతను ఏ అంచనా నమూనా ముందుగా చెప్పగలదు?

మొదటి అంచనాలు దాదాపు ఎప్పుడూ తక్కువగానే ఎందుకు ఉంటాయి?

ఇరాక్ విషయంలో 2002 సెప్టెంబరులో అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 10,000 నుంచి 20,000 కోట్ల డాలర్లు కావచ్చన్నారు. అది మరీ ఎక్కువన్న విమర్శ వచ్చింది. ఆ ఏడాది చివరికి ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. అప్పటి బడ్జెట్ కార్యాలయ అధిపతి మిచ్ డేనియల్స్ చెప్పిన అంచనా 5,000 నుంచి 6,000 కోట్లు. కాంగ్రెస్ పరిశోధన విభాగం 2014లో లెక్క తేల్చినప్పుడు ఒక్క ఇరాక్‌కే సుమారు 81,500 కోట్ల డాలర్ల కేటాయింపులు తేలాయి. ఎక్కువ చెప్పారని విమర్శకు గురైన అంచనాకు కూడా అది నాలుగు రెట్లు.

కారణాలు రెండు. మొదటిది నిజమైన అనిశ్చితి: అంచనాలో వారాలుగా ఉన్నవి క్షేత్రంలో ఏళ్లయ్యాయి, పాలన కూలాక తలెత్తిన తిరుగుబాటును ఎవరూ లెక్కలో పెట్టలేదు. రెండోది రాజకీయం: పెద్ద అంకె చెబితే మద్దతు తగ్గుతుంది, చిన్న అంకె తప్పయినా అప్పటికి సైన్యం అక్కడే ఉంటుంది కనుక మిగతా డబ్బు ఇవ్వక తప్పదు. రెండోదే బలమైన కారణమని నా అభిప్రాయం. అనిశ్చితి ఒక్కటే అయితే తప్పులు అటూ ఇటూ సమానంగా జరగాలి. ఎప్పుడూ ఒకే వైపు జరగడం యాదృచ్ఛికం కాదు.

చట్టసభ ఇంకా డబ్బు ఇవ్వకుండానే సైన్యాన్ని పంపితే, ఖర్చు దేని నుంచి పెడతారు?

మూల బడ్జెట్‌లోని నిర్వహణ నిధుల నుంచి ముందుగా వాడేస్తారు. సంవత్సరం చివరి మూడు నెలలకు ఉద్దేశించిన శిక్షణ, మరమ్మతుల డబ్బును ఇప్పుడే ఖర్చు చేసి, చట్టసభ తర్వాత పూడుస్తుందని ఆశిస్తారు. 1990లలో బోస్నియా వంటి చర్యల సమయంలో ఇలాగే జరిగి, స్వదేశంలో ఉన్న దళాల శిక్షణ దెబ్బతిన్నది. ఆ ఇబ్బంది తీర్చడానికే 1997 ఆర్థిక సంవత్సరం నుంచి అవసరాన్ని బట్టి ఇతర ఖాతాలకు మళ్లించుకునే ప్రత్యేక నిధిని కాంగ్రెస్ ఏర్పాటు చేసింది.

కేటాయింపును మించి ఖర్చు చేయడం అమెరికా చట్టం ప్రకారం నేరం. దీనికి అంతర్యుద్ధ కాలం నాటి ఒక మినహాయింపు ఉంది. 1861 నాటి ఆ చట్టం ప్రకారం దుస్తులు, ఆహారం, ఇంధనం, బస, రవాణా, వైద్యం, అప్పట్లో గుర్రాల మేత, వీటికి కేటాయింపు చాలకపోయినా సైన్యం బాకీ పడవచ్చు. గుర్రాలు పోయినా చట్టం మిగిలింది. 2001 సెప్టెంబరులో కూడా దాన్ని ఉపయోగించారు.

## డబ్బు మంజూరయ్యే దశ

అనుబంధ బిల్లుతో ఇవ్వడానికీ మామూలు బడ్జెట్‌లో ఇవ్వడానికీ తేడా ఏమిటి? డబ్బు డబ్బే కదా?

తేడా పరిశీలనలో ఉంది. మామూలు బడ్జెట్ అభ్యర్థనతో పాటు వేల పేజీల సమర్థన పత్రాలు వస్తాయి, ఉపసంఘాలు నెలల తరబడి అధికారులను ప్రశ్నిస్తాయి, ఒక పద్దు పెంచితే మరొకటి తగ్గించాల్సి రావచ్చు. అత్యవసరమని ముద్ర వేసిన అనుబంధ బిల్లుకు వివరాలు తక్కువ, గడువు తక్కువ. వ్యయ పరిమితులు వర్తించవు, కోత పెట్టి సర్దుబాటు చేయాల్సిన అవసరమూ ఉండదు.

2003 ఏప్రిల్‌లో ఇరాక్ దాడి కోసం సుమారు 7,900 కోట్ల డాలర్లు, అదే ఏడాది నవంబరులో మరో 8,700 కోట్లకు పైగా ఈ విధంగానే మంజూరయ్యాయి. మొదటి ఏడాది దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు. యుద్ధం ఐదో ఏట ప్రవేశించాక, సైనికుల సంఖ్య ముందుగా తెలిసి ఉన్నప్పుడు కూడా అత్యవసరమనే అడగడం సమర్థనీయం కాదు. వియత్నాం విషయంలో 1965లో 70 కోట్ల డాలర్ల అనుబంధ కేటాయింపుతో మొదలైన ఖర్చు కొన్నేళ్లలో మామూలు బడ్జెట్‌లోకి చేరింది. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల ఖర్చును ఏడాది మొత్తానికీ ముందుగానే బడ్జెట్‌తో పాటు చూపాలని కాంగ్రెస్ చట్టం చేయవలసి వచ్చింది. అలాంటి మొదటి అభ్యర్థన 2007 ఫిబ్రవరిలో, 2008 ఆర్థిక సంవత్సరానికి వచ్చింది. యుద్ధ కేటాయింపులు శిఖరానికి చేరింది కూడా ఆ సంవత్సరమే: సుమారు 18,700 కోట్ల డాలర్లు.

ఓసీఓ అన్న పేరు తరచూ కనిపిస్తుంది. అది ఏమిటి, ఇప్పుడు ఉందా?

విదేశీ ఆకస్మిక చర్యలు అన్న అర్థం వచ్చే పేరుకు అది సంక్షిప్త రూపం. అంతకు ముందు ఉగ్రవాదంపై యుద్ధం పేరుతో అడిగిన డబ్బును 2009 నుంచి ఒబామా ప్రభుత్వం ఈ పేరుతో, రక్షణ బడ్జెట్ పక్కనే వేరే విభాగంగా అడిగింది. మొదట్లో ఇది పారదర్శకత దిశగా వేసిన అడుగే.

2011లో వచ్చిన బడ్జెట్ నియంత్రణ చట్టం పరిస్థితిని మార్చింది. ఆ చట్టం మూల బడ్జెట్‌కు గరిష్ఠ పరిమితి పెట్టింది, ఓసీఓకు పెట్టలేదు. కట్ట ఉన్న చోట నీళ్లు నిలిచి, గండి ఉన్న చోట పారినట్టు, మూల బడ్జెట్‌లో పట్టని ఖర్చులు ఇందులోకి చేరసాగాయి. యుద్ధంతో సంబంధం లేని నిర్వహణ ఖర్చులకు కూడా యుద్ధ ముద్ర పడింది. 2020 ఆర్థిక సంవత్సరపు అభ్యర్థనలో ఓసీఓ కింద అడిగిన 16,400 కోట్ల డాలర్లలో దాదాపు 9,800 కోట్లు మూల బడ్జెట్ అవసరాలకేనని ప్రభుత్వమే రాసింది. ఆ పరిమితులు 2021తో ముగిశాయి. 2022 ఆర్థిక సంవత్సరం నుంచి ఓసీఓ విభాగాన్ని విడిగా అడగడం మానేశారు.

మంజూరైన డబ్బును సైన్యం తనకు కావలసినట్టు వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. ప్రతి కేటాయింపుకూ ప్రయోజనం, గడువు రెండూ ఉంటాయి. అమెరికాలో జీతాలు, నిర్వహణ నిధులకు ఒక సంవత్సరం, పరిశోధనకు రెండు, ఆయుధాల కొనుగోలుకు మూడు, నిర్మాణాలకు ఐదు సంవత్సరాల గడువు మామూలు. గడువులోపు ఒప్పందం కుదరకపోతే నిధులు మురిగిపోతాయి. అందుకే సెప్టెంబరు నెలలో హడావిడి కొనుగోళ్లు కనిపిస్తాయి. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మళ్లించడానికి ఎంతవరకు అనుమతి ఉందో బిల్లులోనే రాస్తారు. రోడ్డు పక్క బాంబులకు సైనికులు బలవుతున్నప్పుడు మందుపాతరలను తట్టుకునే వాహనాల కోసం ఏటా బడ్జెట్ చక్రం తిరిగేదాకా ఆగలేక, 2007 తర్వాత ప్రత్యేక నిధి ద్వారా వేలకొద్దీ వాహనాలు కొన్నారు. వేగంగా డబ్బు ఇవ్వడం ప్రాణాలు కాపాడిన సందర్భమిది. అత్యవసర నిధులను విమర్శించేవారు దీన్ని కూడా గుర్తుంచుకోవాలి.

చట్టసభ డబ్బు ఆపేస్తే యుద్ధం ఆగుతుందా?

ఆగిన సందర్భాలు ఉన్నాయి. 1973 ఆగస్టు 15 తర్వాత ఇండోచైనాలో (వియత్నాం, లావోస్, కంబోడియా) సైనిక చర్యలకు నిధులు వాడకూడదని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. సోమాలియాలో 1994 మార్చి 31 తర్వాత ఖర్చు చేయకూడదని గడువు పెట్టింది. ఇరాక్ విషయంలో 2007లో ఉపసంహరణ గడువుతో కూడిన నిధుల బిల్లును పంపితే, మే 1న అధ్యక్షుడు బుష్ తిరస్కరించారు. ఆ తర్వాత గడువు లేని బిల్లు వెళ్లింది. యుద్ధభూమిలో ఉన్న సైనికులకు డబ్బు ఆపారన్న మాట పడటానికి చట్టసభ సభ్యులు ఇష్టపడరు కనుక ఈ అధికారం కాగితం మీద ఉన్నంత బలంగా ఆచరణలో ఉండదు.

ఈ డబ్బు పన్నులు పెంచి తెస్తారా, అప్పు చేస్తారా?

అమెరికా కొరియా యుద్ధాన్ని చాలావరకు పన్నులతో నడిపింది. వియత్నాం కాలంలో, 1968లో, ఆదాయపు పన్నుపై పది శాతం సర్‌ఛార్జి వేసింది. 2001, 2003 సంవత్సరాల్లో మాత్రం యుద్ధాలు సాగుతుండగానే పన్నులు తగ్గించింది. కనుక ఆ యుద్ధాల ఖర్చు అప్పులోకి వెళ్లింది, దానికి వడ్డీ తోడైంది. పన్ను వేస్తే యుద్ధం ప్రతి ఇంటి జమాఖర్చులోనూ కనిపిస్తుంది, దానిపై ప్రశ్నలు వస్తాయి. అప్పు చేస్తే బిల్లు ఇంకా ఓటు హక్కు రాని వారికి వెళ్తుంది. బడ్జెట్ పద్ధతుల్లో నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇదే.

## ఖర్చు సాగుతున్నప్పుడు

ఖర్చయిన డబ్బును ఎవరు లెక్క చూస్తారు?

ముందు మూడు మాటలను వేరుగా అర్థం చేసుకోవాలి. చట్టసభ ఇచ్చేది కేటాయింపు, అధికారి ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు ఏర్పడేది చెల్లింపు బాధ్యత, ఖజానా నుంచి సొమ్ము వెళ్లినప్పుడు అయ్యేది వ్యయం. ఒకే సంవత్సరానికి ఈ మూడు అంకెలూ వేరువేరుగా ఉంటాయి. వార్తల్లో గందరగోళానికి సగం కారణం ఇదే.

పెంటగాన్ ఈ యుద్ధాల వ్యయంపై చట్టసభకు క్రమం తప్పకుండా నివేదిక ఇచ్చేది. కాంగ్రెస్ తరఫున పనిచేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం దాన్ని పరిశీలించేది. ఆ లెక్కల విశ్వసనీయత మీద ఆ కార్యాలయం అనేకసార్లు సందేహాలు వ్యక్తం చేసింది. ఇరాక్, అఫ్గానిస్థాన్ పునర్నిర్మాణ నిధుల కోసం ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఖర్చులను తనిఖీ చేసే స్వతంత్ర అధికారి) కార్యాలయాలు ఏర్పడ్డాయి. యుద్ధకాల కాంట్రాక్టులపై నియమించిన కమిషన్ 2011లో ఇచ్చిన తుది నివేదిక ప్రకారం దుబారా, మోసం వల్ల 3,100 నుంచి 6,000 కోట్ల డాలర్లు నష్టమయ్యాయి. పెంటగాన్ మొత్తానికి పూర్తిస్థాయి ఆడిట్ మొదటిసారి జరిగింది 2018లో. ఆడిటర్లు లెక్కలన్నీ సవ్యమని ధ్రువీకరించలేకపోయారు.

విమానాల్లో నోట్ల కట్టలు ఇరాక్‌కు పంపారట. అది బడ్జెట్ డబ్బేనా?

పంపిన మాట నిజం. 2003 మే నుంచి 2004 జూన్ వరకు అమెరికా కేంద్ర బ్యాంకు శాఖ అయిన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ నుంచి సుమారు 1,200 కోట్ల డాలర్ల నోట్లు బాగ్దాద్‌కు సైనిక విమానాల్లో చేరాయి. వంద డాలర్ల నోట్ల ఇటుకలను ప్లాస్టిక్ చుట్టి చెక్క పలకల మీద పేర్చి తీసుకెళ్లిన ఆ సరుకు బరువే 363 టన్నులని 2007లో కాంగ్రెస్ విచారణలో తేలింది. అయితే అది అమెరికా బడ్జెట్ సొమ్ము కాదు. ఇరాక్ చమురు రాబడి, విదేశాల్లో స్తంభింపజేసిన ఇరాక్ ఆస్తులు, ఐక్యరాజ్యసమితి ఆహారానికి చమురు పథకంలో మిగిలిన నిధులు కలిపి ఏర్పడిన ఇరాక్ అభివృద్ధి నిధిలోనిది. ఇరాక్ మంత్రిత్వ శాఖలకు ఇచ్చిన 880 కోట్ల డాలర్లకు సరైన లెక్కలు లేవని 2005 జనవరిలో ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్ తేల్చింది. ఏ చట్టసభ ఓటు వేయని డబ్బుకు పద్దు పుస్తకం కూడా పలచగానే ఉంటుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మిత్రదేశాలు తమ వాటా ఇస్తాయా?

1991 గల్ఫ్ యుద్ధం ఇందుకు అరుదైన ఉదాహరణ. అదనపు వ్యయం సుమారు 6,100 కోట్ల డాలర్లు కాగా, మిత్రదేశాలు దాదాపు 5,400 కోట్లు నగదుగానో వస్తువులుగానో ఇచ్చాయి. సౌదీ అరేబియా, కువైట్‌లది అందులో పెద్ద వాటా. సైన్యాన్ని పంపని జపాన్ ఒక్కటే సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది. నాటో చర్యల్లో మాత్రం ఎవరి దళాల ఖర్చు వారే భరించడం సాధారణ నియమం. కొన్నిసార్లు డబ్బు ఎదురు దిశలో వెళ్తుంది: అఫ్గాన్ యుద్ధంలో సహకరించినందుకు ఖర్చుల తిరిగి చెల్లింపు పేరుతో పాకిస్థాన్‌కు అమెరికా 1,400 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. ఆ సొమ్ము విదేశీ సహాయం పద్దులో లేదు, యుద్ధ బడ్జెట్ లోపల ఉంది.

## సైన్యం తిరిగి వచ్చాక

యుద్ధం ముగిస్తే ఖర్చు ఆగిపోతుందా?

ఆగదు. ఇసుకలో అరిగిన ఇంజన్లు, విరిగిన ఇరుసులు, కాలిపోయిన వాహనాల స్థానంలో కొత్తవి, ఇవన్నీ బాగుచేసుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. అసలు భారం క్షతగాత్రుల వైద్యం, వైకల్య భృతి, కుటుంబ పింఛన్లది; అది యుద్ధం తర్వాత దశాబ్దాలపాటు పెరుగుతూ పోతుంది, రక్షణ శాఖలో కాకుండా మాజీ సైనికుల శాఖ పద్దులో కనిపిస్తుంది. 1865లో ముగిసిన అమెరికా అంతర్యుద్ధపు పింఛను చివరిగా అందుకున్న వ్యక్తి 2020లో మరణించారు. ఆమె ఒక సైనికుడి కుమార్తె. ప్రభుత్వం ఆమెకు నెలకు 73.13 డాలర్లు చెల్లించేది. యుద్ధం మొదలుపెట్టే రోజున సమర్పించే బడ్జెట్‌లో ఈ భవిష్యత్తు భారానికి పద్దు పెట్టాలన్న నియమం అమెరికాలో లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

1.6 లక్షల కోట్లా, 8 లక్షల కోట్లా? ఏ అంకెను నమ్మాలి?

రెండూ సరైనవే, కానీ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది కాంగ్రెస్ పరిశోధన విభాగానిది: 2001 నుంచి 2014 ఆర్థిక సంవత్సరం వరకు యుద్ధ చర్యల కోసమని చట్టసభ కేటాయించిన మొత్తం. రెండోది బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చెప్పినది. అందులో యుద్ధ కేటాయింపులే కాక, యుద్ధం వల్ల మూల బడ్జెట్‌లో పెరిగిన ఖర్చు, అప్పుల మీద సుమారు 1.1 లక్షల కోట్ల వడ్డీ, స్వదేశ భద్రతపై వ్యయం, 2050 వరకు మాజీ సైనికుల సంరక్షణకు అవసరమయ్యే సుమారు 2.2 లక్షల కోట్లు కలిసి ఉన్నాయి. యుద్ధానికి ఎంత ఓటు వేశారన్నది ప్రశ్న అయితే మొదటి అంకె, దేశం మీద ఎంత భారం పడిందన్నది ప్రశ్న అయితే రెండో అంకె ఉపయోగపడతాయి.

## ఇతర దేశాలు, మన దేశం

బ్రిటన్ ఎలా చేస్తుంది?

రక్షణ శాఖ బడ్జెట్‌ను తాకకుండా, సైనిక చర్యల నికర అదనపు వ్యయాన్ని ఆర్థిక శాఖ ప్రత్యేక రిజర్వు నుంచి చెల్లిస్తుంది. ఇరాక్ దాడికి కొన్ని నెలల ముందు, 2002 నవంబరులో, అప్పటి ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ ఇందుకోసం 100 కోట్ల పౌండ్లు పక్కన పెట్టారు. యుద్ధభూమిలో తక్షణం కావలసిన పరికరాలను అత్యవసర అవసరాల కింద వేగంగా కొనే ఏర్పాటు కూడా ఉంది. ఇరాక్ ప్రత్యక్ష వ్యయం కనీసం 920 కోట్ల పౌండ్లని ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్రపై జరిగిన చిల్కాట్ విచారణ 2016 నివేదికలో పేర్కొంది.

ఫ్రాన్స్, జర్మనీల పద్ధతి వేరా?

ఫ్రాన్స్ ఏటా బడ్జెట్‌లోనే విదేశీ చర్యలకు కొంత మొత్తం ముందుగా పెడుతుంది. చాలాకాలం ఆ మొత్తం అసలు ఖర్చు కన్నా బాగా తక్కువగా ఉండేది. మిగతాది సంవత్సరాంతంలో ఇతర శాఖల నుంచి కూడా సర్దేవారు. 2017లో 45 కోట్ల యూరోలుగా ఉన్న దాన్ని మెట్టుమెట్టుగా పెంచి 2020 నాటికి 110 కోట్లకు చేర్చారు.

జర్మనీలో సాయుధ దళాలను విదేశాలకు పంపాలంటే పార్లమెంటు అనుమతి తప్పనిసరి. ప్రభుత్వం సమర్పించే ప్రతిపాదనలోనే ఎంతమంది, ఎంతకాలం, ఎంత ఖర్చు అన్నవి రాయాలి. గడువు పొడిగించాలంటే మళ్లీ కొత్త అంచనాతో ఓటు అడగాలి. సైన్యాన్ని పంపే నిర్ణయం, డబ్బు నిర్ణయం ఒకే కాగితం మీద ఉండే ఈ పద్ధతి నాకు అన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తుంది.

భారత్ విదేశానికి సైన్యాన్ని పంపితే డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది?

మనకు యుద్ధాల కోసం వేరే బడ్జెట్ లేదు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి పరిరక్షక దళం పనిచేసినప్పుడు కానీ, 1988లో మాల్దీవులకు దళాలు వెళ్లినప్పుడు కానీ ఖర్చు రక్షణ పద్దుల నుంచే జరిగింది. కేటాయింపు చాలకపోతే రాజ్యాంగం 115వ అధికరణం కింద ప్రభుత్వం పార్లమెంటులో అనుబంధ గ్రాంట్లు కోరాలి. పార్లమెంటు సమావేశాలు లేని సమయంలో తక్షణం డబ్బు కావలసివస్తే 267వ అధికరణం కింద ఆగంతుక నిధి నుంచి అడ్వాన్సు తీసుకుని, తర్వాత పార్లమెంటు ఆమోదంతో పూడ్చాలి. ఈ నిధిని 2021లో 500 కోట్ల రూపాయల నుంచి 30,000 కోట్లకు పెంచారు. విదేశీ చర్య ఖర్చు విడిగా కనిపించే పద్దు లేనందున, శ్రీలంకలో మొత్తం ఎంత ఖర్చయిందో బడ్జెట్ పత్రాలు తిరగేసి తేల్చుకోవడం పౌరుడికి సాధ్యం కాదు.

ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో మన సైనికుల ఖర్చు ఎవరిది?

జీతం మన ప్రభుత్వమే ఇస్తుంది. ఐక్యరాజ్యసమితి ఒక్కో సైనికుడికి నెలకు ఇంత అని మన ప్రభుత్వానికి తిరిగి చెల్లిస్తుంది. 2018 జులై నుంచి ఆ రేటు 1,428 డాలర్లు, తర్వాత కొద్దిగా పెరిగింది. తీసుకెళ్లిన వాహనాలు, పరికరాలకు విడిగా చెల్లింపు ఉంటుంది. శాంతి చర్యల బడ్జెట్ జులై 1 నుంచి జూన్ 30 వరకు నడుస్తుంది, సభ్యదేశాలకు నిర్ణీత వాటాలు ఉంటాయి, అందులో సుమారు నాలుగో వంతు అమెరికాది. పెద్ద వాటాదారులు ఆలస్యం చేస్తే సైన్యాన్ని పంపిన దేశాలకు చెల్లింపులు నిలిచిపోతాయి.

బ్రిటిష్ పాలనలో మన సైనికులను విదేశీ యుద్ధాలకు పంపినప్పుడు ఖర్చు ఎవరు భరించారు?

1858 నాటి భారత ప్రభుత్వ చట్టం 55వ సెక్షను ప్రకారం భారత్‌పై దాడిని తిప్పికొట్టేందుకో, ఆకస్మిక అత్యవసరంలోనో తప్ప, సరిహద్దు బయట సైనిక చర్యలకు ఇక్కడి రాబడిని బ్రిటిష్ పార్లమెంటు ఉభయసభల సమ్మతి లేకుండా వాడకూడదు. 1867లో అబిసీనియా (నేటి ఇథియోపియా) దండయాత్రకు ఆ సమ్మతి ఎలా ఇచ్చారో గమనించాలి: సైనికుల మామూలు జీతం భారత్ భరించాలి, అదనపు వ్యయం బ్రిటన్ భరించాలి. ఈనాటి అదనపు వ్యయ సూత్రం అప్పటికే ఉంది. ఒక దేశం తన సొంత రెండు ఖాతాల మధ్య ఖర్చు పంచుకుంటే అది లెక్కల సౌకర్యం. ఓటు లేని ప్రజల రాబడి నుంచి పరాయి యుద్ధంలో ఉన్న సైన్యానికి జీతాలు ఇప్పించడం అన్యాయం. తెలుగువారు గణనీయంగా ఉన్న మద్రాసు సైన్యానికి చెందిన సాపర్లు (సైనిక ఇంజనీరింగ్ దళంవారు) కూడా ఆ దండయాత్రలో ఉన్నారు. ఆ ఖర్చు చివరికి 90 లక్షల పౌండ్లకు చేరువై, మొదటి అంచనాను మించి తడిసి మోపెడైంది. ఇలాంటి భారాలు భారత్‌పై మోపడాన్ని దాదాభాయి నౌరోజీ భారత్ ఖర్చులను పరిశీలించేందుకు 1895లో నియమితమైన వెల్బీ కమిషన్‌లో సభ్యుడిగా ఉండి గట్టిగా ప్రశ్నించారు. 1917లో మాత్రం భారత ప్రభుత్వం మొదటి ప్రపంచ యుద్ధానికి 10 కోట్ల పౌండ్లు కానుకగా ప్రకటించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో వ్యయం పంచుకునే ఒప్పందం జరిగింది. శాంతికాలపు మామూలు ఖర్చు, భారత రక్షణ కోసమే చేసిన ఖర్చు ఇక్కడిది. విదేశాల్లో పోరాడిన దళాల ఖర్చు బ్రిటన్‌ది. బ్రిటన్ తన వాటాను లండన్‌లో స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్ల) నిల్వలుగా జమ చేస్తూ పోయింది, ఆ నిల్వల ఆధారంగా రిజర్వ్ బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు జారీ చేసింది, సరుకులు సైన్యానికి వెళ్లాయి, ధరలు పెరిగాయి. యుద్ధం ముగిసేనాటికి ఆ బాకీ దాదాపు 1,700 కోట్ల రూపాయలకు చేరింది; దాన్ని ఎంతెంత, ఎప్పుడెప్పుడు విడుదల చేయాలన్న చర్చలు స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఢిల్లీ, లండన్‌ల మధ్య సాగాయి.